కడుపు కూడా అమానతే



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11 వరకు ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లా కేంద్రాలు. జుమా ప్రసంగాలకు, దర్సె ఖుర్ఆన్ సమావేశాలకు మేము ఈ మూడు చోట్లకూ వెళ్తుంటాం. ప్రసంగం ముగిసి జనం ముసాఫహా చేసి వెళ్ళిపోతుంటే కొందరు ఆగి మమ్మల్ని పక్కకు పిలుస్తారు. ఇదివరకు వారి ప్రశ్నలు సజ్దా సహూ గురించో, తండ్రి ఆస్తిలో ఆడబిడ్డ వాటా గురించో ఉండేవి. ఈ మధ్య మరో ప్రశ్న ఎక్కువగా వినబడుతోంది. "మౌలానా! పొట్ట తగ్గడానికి తిబ్బె నబవీలో ఏదైనా దవా ఉందా?" దాని వెనకే ఇంకొకరు అందుకుంటారు. "ఏం తిన్నా గ్యాస్, ఛాతీలో మంట. పొద్దున సాఫీగా విరేచనం కాదు. పదేళ్ళుగా రోజూ పరగడుపున ఒక మాత్ర మింగుతున్నా. ఇంగ్లీషు మందులు కాకుండా ఇంకేమైనా చెప్పండి."

దవా ఉంది. అయితే అది సీసాలోనో పొట్లంలోనో దొరికేది కాదు.

హజ్రత్ మిఖ్దామ్ బిన్ మఅదీకరిబ్ (రజి) ఉల్లేఖనం తిర్మిజీ, ఇబ్నె మాజా సంకలనాల్లో ఉంది. మనిషి నింపే పాత్రల్లో కడుపు కంటే చెడ్డ పాత్ర మరొకటి లేదనీ, నడుము నిలబడేందుకు కొన్ని ముద్దలు చాలుననీ, అంతకు మించి తినక తప్పదనుకుంటే కడుపులో ఒక భాగం అన్నానికి, ఒక భాగం నీటికి, ఒక భాగం ఊపిరికి వదలాలనీ దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును మనం ఎన్నిసార్లు వినలేదు! మిలాద్ సభల్లో విన్నాం, పిల్లల చేత మక్తబ్‌లో కంఠస్థం చేయించాం. ఇందులో ఒక సంగతి మాత్రం మన దృష్టికి రాకుండా జారిపోతోంది. మూడో వంతు అన్నది ఆదర్శం కాదు, చివరి హద్దు. అసలు ఆదర్శం ఆ కొన్ని ముద్దలే. మనమేమో ఆ హద్దును కూడా దాటి, మూడు భాగాలనూ బగారా అన్నంతో నింపేసి, ఊపిరికి చోటు లేక ఆయాసపడుతూ సోడా తాగుతున్నాం.

ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన తిర్మిజీలో ఉంది. దైవప్రవక్త (స) సమక్షంలో ఒకతను గట్టిగా తేన్చాడు. ఆ తేన్పును మా నుంచి దూరంగా ఉంచు అని ఆయన (స) వారించి, లోకంలో ఎక్కువగా కడుపు నింపుకున్నవారే ప్రళయదినాన ఎక్కువ కాలం ఆకలితో ఉంటారని హెచ్చరించారు. దావత్‌లో తేన్పు వస్తే "మాషా అల్లాహ్, కడుపు నిండింది" అని ఆతిథేయుడు సంతోషపడటం మనకు అలవాటు. ఆ సంతోషం ఎంతవరకు సరైనదో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు వైద్యుల మాట విందాం. భారతీయుల్లో నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన అంటారు. కొలవడం కష్టమేమీ కాదు. దర్జీ టేపు తీసుకుని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. పొట్ట కిందికి జారాక ప్యాంటు దాని కిందనే కడతాం కదా! భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన పెద్దవారిలో 39.5 శాతం మందికి ఈ ఉదర స్థూలకాయం ఉంది. షుగర్ వ్యాధిగ్రస్తులు 10 కోట్లు దాటారు.

"నేను సన్నగానే ఉన్నాను, పొట్ట మాత్రమే కొద్దిగా ఉంది" అనేవారు ఇంకా జాగ్రత్తగా వినాలి. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుతో పోల్చి చూస్తే ఇద్దరి బరువూ సమానమే. కాని ఒంట్లోని కొవ్వు ఆ ఆంగ్లేయునిలో 9.1 శాతం ఉంటే మన భారతీయునిలో 21.2 శాతం తేలింది. చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నా కొవ్వు లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకోవడం మన ఉపఖండవాసుల శరీర స్వభావం. అద్దం చూపించని కొవ్వు అది.

కడుపులో మంటకూ పొట్టకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే తెలుస్తుంది. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కవాటంలాంటి కండరం ఉంటుంది. జీర్ణాశయం గొంతుదాకా నిండినప్పుడు, దాని మీద బయటి నుంచి పొట్ట కొవ్వు ఒత్తిడి పడినప్పుడు ఆ కవాటం వదులై ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. తిన్న వెంటనే పడుకుంటే ఆ పని ఇంకా సులువవుతుంది. అంటే పొట్టకు ఒక దవా, గ్యాస్‌కు ఒక దవా, మంటకు ఒక దవా అని మూడు వెతకనక్కరలేదు. చాలామంది విషయంలో మూడింటి వేరు ఒకటే. అది సుఫ్రా మీద ఉంది.

ఆ సుఫ్రా ఎలా మారిందో చూడండి. జనగామ చుట్టుపక్కల మెట్ట పొలాల ఊళ్ళలో మన తాతల కాలంలో రోజూ తినేది జొన్న రొట్టె, మక్క గటక, అంబలి. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో వండేవారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. పేదవాడి ఆకలి తీరింది, అది మేలే. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అదీ మేలే. మరి దుక్కి దున్నిన తాత తిన్నంత అన్నాన్ని కొట్టులో కూర్చుని సెల్ ఫోన్లు రిపేరు చేసే మనవడు కూడా తింటే అది ఎక్కడికి పోవాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2,000 కేలరీల భోజనానికి లెక్క చెప్పింది. బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, నూనె, నెయ్యి 27 గ్రాములు. మన ఇళ్ళలో ఈ లెక్క తలకిందులైంది. అన్నం కొండంత, కూరగాయ చిటికెడంత.

అనస్ బిన్ మాలిక్ (రజి) కథనం బుఖారీలో ఉంది. ఒక దర్జీ ఇచ్చిన విందులో దైవప్రవక్త (స) పళ్ళెంలో సొరకాయ ముక్కల కోసం వెతికి మరీ తినడం ఆయన చూశారు. ఆనాటి నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టమైపోయిందని చెప్పుకున్నారు. మన దాల్చాలో సొరకాయ ఉంటుంది, అల్‌హమ్దులిల్లాహ్. మరి మనం చేసేదేమిటి? ఆ ముక్కల్ని పళ్ళెం అంచుకు నెట్టి మాంసం ముక్క కోసం గరిటెతో అడుగంటా కలియబెడతాం. ఏ ముక్క కోసం వెతుకుతున్నామన్న ఒక్క విషయంలోనే సున్నతుకూ మనకూ మధ్య ఎంత దూరం ఉందో తెలిసిపోతోంది.

సహ్ల్ బిన్ సఅద్ (రజి)ను ఒకరు అడిగారు, దైవప్రవక్త (స) మెత్తని తెల్ల పిండి రొట్టె తిన్నారా అని. ఆయన (స) జీవితంలో దాన్ని చూడనే లేదని సహ్ల్ (రజి) జవాబిచ్చారు. మరి జల్లెడలు లేకుండా బార్లీ ఎలా తినేవారని అడిగితే, దంచి, నోటితో ఊది, ఎగిరిన పొట్టు ఎగిరిపోగా మిగిలినదాన్ని తడిపి వండుకునేవాళ్ళమని చెప్పారు. ఇది కూడా బుఖారీలోనే ఉంది. ఆనాడు పేదరికమనుకున్న ఆ పొట్టునే ఈనాడు వైద్యులు పీచు పదార్థమని పేరు పెట్టి చీటీలో రాసిస్తున్నారు. మలబద్ధకం ఉన్నవారు మైదా నాన్, బేకరీ బిస్కెట్లు, తెల్లన్నం మీదనే బతుకుతూ రాత్రికి విరేచనాల చూర్ణం మింగితే పేగు సోమరి అవుతుంది. పొట్టుతో కూడిన గోధుమ పిండి, జొన్న రొట్టె, ఆకుకూర, జామకాయ, తగినన్ని నీళ్ళు, రోజూ కొంత నడక, పిలుపు వచ్చినప్పుడు వాయిదా వేయకుండా వెళ్ళడం ముందు వీటితో మొదలుపెట్టాలి. వీటితో చాలకపోతే ఇసబ్గోల్ ఉంది. మన హకీములు తరతరాలుగా ఇచ్చినదే, డాక్టర్లూ ఒప్పుకున్నదే. ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీటితో తాగాలి. నీళ్ళు తక్కువైతే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. పీచు కూడా ఒక్కసారిగా పెంచితే గ్యాస్ ఎక్కువవుతుంది కనుక రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుకోవాలి. ఒక మాట. జొన్న రొట్టె మంచిదని విని ఆరు రొట్టెలు తినేవారిని కూడా మేము చూశాం. జొన్నలోనూ పిండి పదార్థమే ఉంది సోదరా!

ఇక ఇంటి స్త్రీల సంగతి. దీని గురించి మన పత్రికల్లో ఎవరూ రాయడం లేదు. మహబూబాబాద్‌లో స్త్రీల సమావేశం తర్వాత ఒక పెద్దావిడ పరదా వెనక నుంచి మాట్లాడారు. "మౌలీసాబ్! నేను ఎక్కువ తినను. అందరూ తిన్నాక సుఫ్రా ఎత్తేటప్పుడు పిల్లలు వదిలిన అన్నం, గిన్నెలో అడుగున మిగిలిన సాలన్, పారేస్తే ఇస్రాఫ్ అవుతుందని తినేస్తాను. అంతే." "ఖాలా! రోజూనా?" అని అడిగాం. "రెండు పూటలా బేటా" అన్నారు.

ఆ తల్లి నియ్యతు ఎంత మంచిదో! అల్లాహ్ ఆమెకు ప్రతిఫలం ఇవ్వాలి. కాని మసలా అలా కాదు. అఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో అల్లాహ్ తినమని, తాగమని ఆజ్ఞాపిస్తూనే మితిమీరవద్దని ఆంక్ష పెట్టాడు. ఆ మితిమీరడం చెత్తబుట్టలో పారేయడం ఒక్కటే కాదు. అవసరం లేని ఒంట్లో పారేయడమూ అందులోకే వస్తుంది. బుట్టలో వేసిన అన్నం అక్కడితో పోయింది. కడుపులో వేసిన మిగులు మోకాళ్ళ నొప్పిగా, షుగర్‌గా తిరిగి వస్తుంది. పరిష్కారం వండేటప్పుడే ఉంది. నలుగురికి నాలుగు పావులు పోసే చేయి మూడు పావులు పోయాలి. పిల్లల పళ్ళెంలో మొదట కొంచెమే పెట్టి, అడిగితే మళ్ళీ వడ్డించాలి. మిగిలితే మూతపెట్టి చల్లటి చోట దాచాలి, లేదా పొరుగింటికి పంపాలి. ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురిది నలుగురికి సరిపోతుందన్న ప్రవక్త (స) బోధన బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఇంకో మాట మగవారికి. మీరు తిని చేయి కడుక్కున్నాక మిగిలిన దానితో ఆమె భోజనం చేయాలన్న నియమం షరీఅత్‌లో ఎక్కడా లేదు. ఆమెనూ సుఫ్రా దగ్గర కూర్చోబెట్టండి. మిగులు సమస్య సగం అక్కడే తీరుతుంది.

ఎవరి శరీరాన్నీ ఎగతాళి చేయడం మాత్రం హరామ్. హుజురాత్ సూరా 11వ ఆయత్ దీన్ని స్పష్టంగా నిషేధించింది. థైరాయిడ్ లోపంతోనో, కాన్పుల తర్వాతనో, కొన్ని మందుల వల్లనో బరువు పెరిగేవారు ఉంటారు. హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఒళ్ళు వచ్చాక మళ్ళీ పందెం వేస్తే ఈసారి ఆయన (స) గెలిచి, అప్పటి దానికి ఇది బదులు అని సరదాగా అన్నారు. అబూ దావూద్‌లో ఉన్న ఈ సంఘటనలో భార్య ఒళ్ళు గురించి ఒక్క పరుషమైన మాట లేదు. వెక్కిరింత లేదు, పరుగు ఉంది! "నీకు పొట్ట వచ్చింది" అని భార్యను దెప్పే భర్త ఆమెతో కలిసి ఫజ్ర్ తర్వాత అరగంట నడిచి ఎన్నాళ్ళయింది? వీధిలో నడవడానికి ఇబ్బందిగా ఉంటే డాబా మీద నడవవచ్చు. ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసి వెళ్ళవచ్చు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకను ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసంగా చెప్పింది. దైవప్రవక్త (స) ఏటవాలు నుంచి దిగుతున్నట్లుగా వేగంగా నడిచేవారని హజ్రత్ అలీ (రజి) వర్ణించారు. శనివారాల్లో మూడు కిలోమీటర్లకు పైనే ఉన్న ఖుబా మస్జిద్‌కు కొన్నిసార్లు కాలినడకన, కొన్నిసార్లు వాహనంపై వెళ్ళేవారు. మనం రెండు వీధుల అవతల ఉన్న మస్జిద్‌కు బండి తీస్తున్నాం. వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉందని తెలిసి కూడా!

పొట్టకు మాత్రమే వ్యాయామాలు చేస్తే పొట్ట మాత్రమే కరుగుతుందనుకోవడం కూడా పొరపాటు. పడుకుని లేచే వ్యాయామాల వల్ల కండరం గట్టిపడుతుంది గాని దాని మీది కొవ్వు ఒళ్ళంతటితోపాటే తగ్గుతుంది. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గితే చాలు. వారంలో పది కిలోలు తగ్గిస్తామన్న వాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

భూపాలపల్లి సోదరుల సమస్య వేరు. సింగరేణి గనుల్లో మూడు షిఫ్టుల మీద పనిచేసేవారికి ఒక వారం పగలు రాత్రి అవుతుంది, మరో వారం రాత్రి పగలు అవుతుంది. కడుపుకు కూడా ఒక గడియారం ఉంటుందనీ, రాత్రివేళ తిన్నది శరీరం సరిగా వాడుకోలేదనీ వైద్యులు చెబుతారు. షిఫ్టు మార్చుకోవడం మీ చేతిలో లేదు. టిఫిన్ డబ్బా మీ చేతిలో ఉంది. రాత్రి షిఫ్టుకు పోయే ముందు పూర్తి భోజనం చేసి, అర్ధరాత్రి తేలికగా రొట్టె, కూర, మజ్జిగ, ఒక పండు తీసుకోండి. తెల్లవారి ఇంటికి వచ్చి కడుపునిండా పూరీలు తిని పడుకోవడమే ఎక్కువ చెరుపు చేస్తోంది. చాయ్ లెక్క కూడా చూసుకోండి. రోజుకు ఆరు కప్పులు, కప్పుకు రెండు చెంచాలంటే 12 చెంచాల చక్కెర, అంటే దాదాపు 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది.

మిగతావారికి రాత్రి భోజనం పది గంటలకు ఎందుకు? భోజనం వడ్డించి ఉండగా ఇఖామత్ వినబడితే ముందు భోజనం చేయమని హదీసులో అనుమతి ఉంది. అంటే ఆనాటి రాత్రి భోజనం మగ్రిబ్, ఇషా వేళల్లోనే జరిగేదని అర్థమవుతోంది. మగ్రిబ్ తర్వాత తిని, ఇషాకు నడిచి వెళ్ళి వచ్చి, పడుకునే సరికి మూడు గంటలు గడిస్తే ఛాతీ మంట చాలామందికి మాత్ర లేకుండానే తగ్గుతుంది. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుక పెట్టడం కూడా పనిచేస్తుంది. జర్దా, గుట్కా, సిగరెట్ మాత్రం మానాల్సిందే. వాటిని నోట్లో పెట్టుకుని సహజ వైద్యం గురించి అడగడంలో అర్థం లేదు. మిరప విషయంలో భయం అక్కరలేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి ఈ ప్రాంతపు పంటే, రంగు ఎక్కువ, కారం తక్కువ. కారం వల్ల పుండు పుట్టదు. మంట ఉన్నవారికి మాత్రం అది మంట పెంచవచ్చు. ఎవరి ఒంటికి ఏది పడదో వారే గమనించుకోవాలి. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవారు పెరుగుకో, మజ్జిగకో మారితే చాలాసార్లు సరిపోతుంది.

వాము, జీలకర్ర, సోంపు, పుదీనా, అల్లం అన్నీ అల్లాహ్ ఇచ్చిన వరాలే. ఉబ్బరానికి, అజీర్తికి ఊరట ఇస్తాయి. కొవ్వును కరిగించవు. గోరువెచ్చని నీటిలో తేనె, నిమ్మరసం కూడా కరిగించదు. నహ్ల్ సూరా 69వ ఆయత్‌లో తేనెలో స్వస్థత ఉందని అల్లాహ్ తెలిపాడు, దాన్ని మనం విశ్వసిస్తాం. కడుపు జబ్బు పడిన ఒక వ్యక్తికి తేనె తాగించమని దైవప్రవక్త (స) ఆదేశించడం బుఖారీ, ముస్లింలలో ఉంది. అది విరేచనాల రోగికి చేసిన వైద్యం. షుగర్ ఉన్నవాడు పొట్ట తగ్గాలని రోజూ నాలుగు చెంచాల తేనె తాగడానికి దాన్ని ఆధారం చేసుకోకూడదు. కలౌంజీ కూడా అంతే. దాని మేలు హదీసులో రుజువైంది. దానిమీద జరిగిన చిన్న అధ్యయనాల్లో బరువు కొద్దిగానే తగ్గింది. దాన్ని నమ్మి షుగర్ మాత్రలు ఆపేయడం తవక్కుల్ కాదు.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. జల్సాల దగ్గర, ఉర్సుల దగ్గర "ప్రవక్త వైద్యం" అని బోర్డు పెట్టి పేరూ ఊరూ లేని పొడులు అమ్మేవారు పెరిగారు. సెల్ ఫోన్లలో తిరిగే మాటలకైతే లెక్కే లేదు. జీర్ణాశయం రోగాలకు నిలయమనీ, పథ్యం మందుల్లోకెల్లా పెద్దదనీ చెప్పే మాటను హదీసు అని పంచుతుంటారు. అది దైవప్రవక్త (స) మాట కాదనీ, అరబ్బు వైద్యుడు హారిస్ బిన్ కల్దాదనీ హాఫిజ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) జాదుల్ మఆద్‌లో స్పష్టం చేశారు. ఆయన హిజ్రీ 751లో మరణించారు. ఆరు వందల సంవత్సరాలకు పైబడి ఈ సంగతి గ్రంథాల్లో ఉన్నా మనం ఇంకా హదీసు పేరుతోనే పంచుతున్నాం. వంకాయ గురించి తిరిగే హదీసును కూడా ఆయన కల్పితమనే తేల్చారు. మంచి మాటే కదా అనవచ్చు. మంచి మాట అయినా ఆయన (స) అనని దాన్ని ఆయన (స)కు అంటగట్టడం ఎంత ఘోరమో మీకు తెలియనిది కాదు. ఆ హారిస్ బిన్ కల్దా దగ్గరికే వెళ్ళమని జబ్బుపడిన సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు దైవప్రవక్త (స) సూచించినట్లు అబూ దావూద్‌లో ఉంది. తెలిసిన వైద్యుని దగ్గరికి వెళ్ళడం కూడా సున్నతే. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడన్న బోధన కూడా అదే గ్రంథంలో ఉంది. లేబుల్ లేని పొడుల్లో స్టిరాయిడ్లు కలిపిన ఉదంతాలు మన దేశంలో బయటపడ్డాయి. స్టిరాయిడ్ వల్ల మొదట హాయిగా ఉంటుంది. తర్వాత ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, షుగర్ వస్తుంది. పొట్ట తగ్గాలని కొన్నదే పొట్ట పెంచుతుంది!

కడుపు బాధల్లో సుఫ్రాతో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. జీర్ణాశయపు పుండ్లలో చాలావాటికి హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి కారణమని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ పుండు వాముతో మానదు. పరీక్ష చేయించి రెండు వారాల పాటు మందులు వాడితే పోతుంది. రెండో కారణం మోకాళ్ళకు, నడుముకు ఆర్ఎంపీ దగ్గర రోజూ తెచ్చుకునే నొప్పి మాత్రలు. అవి కడుపు లోపలి పొరను తినేస్తాయి. అడగకుండా వాటిని వాడవద్దు. మలం తారులా నల్లగా రావడం, రక్తం పడటం, రక్తపు వాంతి, మింగడం కష్టమవడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం లేదా అజీర్తి - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయాలతో కాలం గడపవద్దు. మూడు పట్టణాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. వరంగల్ దాకా పోవాలన్న సాకు కూడా చాలావరకు తీరిపోయింది. సంవత్సరాల తరబడి ఆమ్లం మాత్ర వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుంది. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

రోజా గురించి చాలామంది అడుగుతారు. సోమ, గురువారాల నఫిల్ రోజాలు, చాంద్రమాసంలో 13, 14, 15 తేదీల రోజాలు సున్నతు. వాటిని అల్లాహ్ కోసమే పాటించాలి. నడుము తగ్గడం దానికి తోడుగా దొరికే మేలు మాత్రమే. ఆ మేలు ఇఫ్తార్ దగ్గర ఆగిపోతోంది. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే కొన్ని గుటకల నీటితో ఇఫ్తార్ చేసేవారని అనస్ (రజి) తెలిపారు. ఆ మూడు ఖర్జూరాల వెనక మనం మిర్చి బజ్జీ, సమోసా, పకోడీ, ఆపైన హలీం, తరావీహ్ తర్వాత బిర్యానీ చేర్చుకున్నాం. రంజాన్ నెలలో బరువు పెరిగే ఉమ్మత్ మనదేనేమో! షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు నఫిల్ రోజాలకు ముందు తప్పక డాక్టరును సంప్రదించాలి.

ఇక మస్జిద్ కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఈ మార్పు ఒక్క ఇంట్లో మొదలైతే వలీమా దగ్గర చెదిరిపోతోంది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ సఫియ్యా (రజి)తో తమ నికాహ్ వలీమాలో ఖర్జూరాలు, ఎండు జున్ను, నెయ్యి కలిపిన వంటకం పెట్టారు. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి కూడా అప్పు చేసి రెండు రకాల బిర్యానీ, మూడు రకాల మీఠా పెడుతున్నాడు. తిన్నవాడికి అజీర్తి, పెట్టినవాడికి వడ్డీ. ఒక్క అన్నం, ఒక్క కూర, దాల్చా, ఒక్క మీఠా అని ఊరి జమాఅత్ తీర్మానం చేసుకుంటే పేదవాడికి పరువు నిలుస్తుంది, ధనవంతుడికి నడుము తగ్గుతుంది. వచ్చే షాదీల కాలానికి ముందే మూడు పట్టణాల కమిటీలు కూర్చుని దీనిమీద మాట్లాడుకోవాలని మా కోరిక.

ఉదర వ్యాధితో మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదుల్లో లెక్కించారు. ఆ వ్యాధులతో ఈ రాత్రి ఆసుపత్రి మంచాల మీద ఉన్న మన సోదరులకు, తల్లులకు అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవ చేస్తున్నవారికి ఓర్పునిచ్చుగాక! ఆమీన్.